40 మీటర్ల ఫోర్ స్క్వేర్: తుఫాను గాలికి నిలబడే వర్టికల్స్ కట్టడం ఎలా?

కోనసీమ_కెరటం · అమలాపురం దగ్గర · జూన్ 9, రాత్రి 9:52

ఓఎంలందరికీ (తోటి హామ్ రేడియో మిత్రులకి) నమస్కారం.

రెండేళ్ళ కిందట మా కొబ్బరితోట పక్క ఖాళీ చెక్కలో 40 మీటర్ల బ్యాండుకి ఫోర్ స్క్వేర్ కట్టుకున్నాను, అంటే చదరం నాలుగు మూలల్లో నిలబెట్టి, స్విచ్‌తో కావలసిన దిక్కుకి తిప్పుకునే యాంటెన్నా. నాలుగు వర్టికల్స్ (నిటారు గొట్టాలు), ఒక్కోటి 10 మీటర్లు. చదరం భుజం 10.56 మీటర్లు, అంటే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం. భుజాలు తూర్పు పడమరలకు సరిగ్గా ఉండేలా పాతాను. అప్పుడు మూలలు వాయవ్యం, ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి వైపు చూస్తాయి. వాయవ్యానికి స్విచ్ తిప్పితే యూరప్, ఈశాన్యానికి తిప్పితే జపాన్. అమెరికా తూర్పు తీరం మనకి ఉత్తర వాయవ్యం కాబట్టి అదీ వాయవ్యం స్విచ్‌లోనే వస్తుంది.

మొదటి ఏడాది వినడమే ఒక పండగ. యూరప్ వైపు తిప్పగానే వెనక నుంచి వచ్చే ఇండోనేషియా స్టేషన్లు నాలుగు ఎస్ యూనిట్లు (రేడియో మీటరు మీద సిగ్నల్ బలం మెట్లు) పడిపోయేవి. గత నెల ఈదురుగాలికి వాయవ్యం మూల వర్టికల్ నడుము దగ్గర విరిగి, పక్కదాని నడుముకి కట్టిన తాడు మీద పడింది. రెండూ పోయాయి. మిగతా రెండూ చూస్తే జాయింట్ల దగ్గర వదులు.

ఈసారి మళ్ళీ మళ్ళీ పైకెక్కే పని లేకుండా కట్టాలి. నవంబరు తుఫాన్ల లోపు పూర్తవ్వాలి. గొట్టం ఏది, జాయింట్ ఎలా, గై (నేలకి లాగి కట్టే తాళ్ళు) ఎన్ని, పునాది ఎంత? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. పాతవి 1.5 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం గొట్టాలు. జాయింటుకి రెండు బోల్టులు, పైన హోస్ క్లిప్. గై లేదు, నడుముకి ఒక నైలాన్ తాడు మాత్రం కట్టాను.

ఉక్కునగరం · విశాఖపట్నం · జూన్ 9, రాత్రి 11:15

కెరటం గారూ, ముందు ఒక మాట అడుగుతాను. పడిపోకముందు వెనక దిక్కు తగ్గింపు ఎలా ఉంది? పడే రోజు దాకా నాలుగు ఎస్ యూనిట్లు ఉన్నాయా?

కోనసీమ_కెరటం · జూన్ 10, ఉదయం 6:20

మీరు అడిగాక లాగ్ తీసి చూశాను సార్. లేదు. సంక్రాంతి తర్వాత నుంచీ ఒకటి, ఒకటిన్నర యూనిట్లు మాత్రమే. కండిషన్లు బాగాలేవేమో అనుకున్నాను.

ఉక్కునగరం · జూన్ 10, మధ్యాహ్నం 1:05

అదే నా అనుమానం. మీ యాంటెన్నా మే నెలలో పడలేదండీ, జనవరిలోనే చెడిపోయింది. మేలో నేలకి వచ్చింది, అంతే.

ఒంటరి వర్టికల్‌లో ఒక జాయింట్ కొంచెం వదులైతే మనకి తెలియను కూడా తెలియదు. సిగ్నల్ కాస్త తగ్గుతుంది, అంతే. ఫోర్ స్క్వేర్ అలా కాదు. వెనక దిక్కు మాయమవ్వాలంటే నాలుగు కరెంట్లు సమానంగా ఉండాలి, ఫేజులు (తరంగాల ముందువెనకలు) 0, 90, 90, 180 డిగ్రీల తేడాతో రావాలి. అక్కడ జరిగేది తీసివేత. నాలుగింటిలో ఒకదానికి ఐదారు ఓంలు ఎక్కువ వచ్చినా తీసివేత సున్నా దాకా పోదు. ముందు దిక్కు గెయిన్‌లో తేడా కనబడదు, వెనక గొయ్యి మాత్రం పూడిపోతుంది. అందుకే గట్టిదనం అనగానే "పడకుండా ఉండటం" అని మాత్రమే అనుకోకండి. నాలుగూ ఏళ్ళ తరబడి ఒకేలా ఉండాలి. నేను ఈ దారంలో చెప్పేదంతా ఆ లెక్కతోనే చెబుతాను.

మిగిలిన రెండిటి మీద ఒక పరీక్ష చేయండి. మిగతావాటి ఫీడ్ కేబుల్ విప్పేసి, ఒకదాని మొదట్లో నానోవీఎన్‌ఏ (యాంటెన్నా ఓంలు కొలిచే చిన్న పరికరం) పెట్టండి. ఎవరినైనా గొట్టం పట్టుకుని ఊపమనండి. అంకె ఎలా కదులుతుందో రాయండి.

కోనసీమ_కెరటం · జూన్ 10, సాయంత్రం 6:48

ఇప్పుడే చేశాం. మా అబ్బాయి ఊపాడు, నేను తెర చూశాను. నైరుతి మూలది: కదలకుండా ఉంటే 41 ఓంలు. ఊపుతుంటే 41, 47, 58, ఒకసారి 70 దాటింది. వదిలేశాక 41కి రాలేదు, 49 దగ్గర ఆగింది. ఇంకోసారి ఊపితే 43.

జాయింట్ విప్పి చూస్తే లోపల బూడిదరంగు పొడి. బోల్టు రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది.

బోయిన్‌పల్లి_తీగ · సికింద్రాబాద్ · జూన్ 10, రాత్రి 8:30

ఆ పొడి అల్యూమినియం ఆక్సైడ్. ఒక్క మాట, ఆ గొట్టాలు ఎక్కడ కొన్నారు? కిటికీలు, పార్టిషన్లు చేసే షాపులోనా?

కోనసీమ_కెరటం · జూన్ 10, రాత్రి 8:41

అవునండి. మెరుస్తూ బాగున్నాయని తెచ్చాను.

బోయిన్‌పల్లి_తీగ · జూన్ 10, రాత్రి 9:20

ఆ మెరుపే కొంప ముంచింది. అది అనొడైజింగ్, అల్యూమినియం మీద ఎక్కించిన ఆక్సైడ్ పొర. ఆ పొర కరెంటు పారనివ్వదు. మల్టీమీటర్ రెండు పుల్లలూ మెల్లగా ఆనించి చూడండి, ఓపెన్ చూపిస్తుంది. మీ జాయింట్లలో కరెంటు అంతా బోల్టు గీరిన చోట నుంచే వెళ్తోంది. బోల్టు రంధ్రం సాగగానే అదీ పోయింది.

కొనేటప్పుడు "మిల్ ఫినిష్" (పై పొర ఎక్కించనిది) అని అడగండి. రాణీగంజ్‌లో కిలో లెక్కన ఇస్తారు, లెంగ్త్ 12 అడుగులు. గ్రేడు 6063 టీ6 (గట్టిపరచిన అల్యూమినియం రకం) అడగండి. ఏమీ తెలియనట్టు కనబడితే మెత్తటి గొట్టం అంటగడతారు, మోకాలికి ఆనించి వంచి చూస్తే చేతికి తెలిసిపోతుంది.

సైజుల సంగతి. మన దగ్గర ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలు దొరకవని అందరూ అంటారు. దొరుకుతాయి, వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్ళాలి. 2 అంగుళాల గొట్టం బయట 50.8 మి.మీ. గోడ మందం కచ్చితంగా 3 మి.మీ. అయితే లోపల 44.8. ఒకటీముప్పావు అంగుళాల గొట్టం బయట 44.45. అంటే 0.35 మి.మీ. సందు, చక్కగా జారుతుంది. ఇలాగే పావంగుళం చొప్పున 1½, 1¼, 1 దాకా దిగొచ్చు, ప్రతిచోటా అదే సందు. మందం 3.25 ఉన్న 10 గేజ్ గొట్టం వస్తే మాత్రం ఒకదాంట్లో ఒకటి పోదు, సుత్తితో కొట్టినా పోదు. నేను ఒకసారి కొలవకుండా తెచ్చి ఆటో ఛార్జీలతో సహా నష్టపోయాను.

డాలస్_డిపోల్ · టెక్సస్ · జూన్ 11, ఉదయం 7:02

ఇక్కడ మాకు 0.058 అంగుళాల మందంతో, బయటి కొలత ఎనిమిదో వంతు అంగుళం చొప్పున తగ్గే డ్రాన్ ట్యూబులు దొరుకుతాయి. తీగ గారు చెప్పిన 3 మి.మీ. లెక్క దానికి మంచి జవాబు. అయితే ఒకటి గమనించండి. మందం పెరిగితే బలం పెరుగుతుంది, గాలి పట్టే వైశాల్యం పెరగదు. గాలికి బయటి వ్యాసమే కనబడుతుంది. అందుకే లావు గొట్టం వైపు కాకుండా మందం గొట్టం వైపే వెళ్ళడం మంచిది.

ఉక్కునగరం · జూన్ 11, రాత్రి 10:40

ఈ రోజు కూర్చుని లెక్క వేశాను. నేను ముప్పై ఏళ్ళు స్ట్రక్చర్ల పనిలో ఉన్నవాణ్ణి, అంకెలు లేకుండా నాకు నిద్ర పట్టదు.

ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకి భారత ప్రమాణం) మూడో భాగంలో గాలి వేగాల పట్టిక ఉంటుంది. విశాఖకీ విజయవాడకీ సెకనుకి 50 మీటర్లు, హైదరాబాదుకి 44. కోనసీమకి 50 పట్టుకుందాం. అంటే గంటకు 180 కి.మీ. గాలి ఒత్తిడి 0.6 ఇంటు వేగం వర్గం, 1500 న్యూటన్లు చదరపు మీటరుకి. గుండ్రటి గొట్టానికి 1.2 గుణకం కలిపితే 1800.

తీగ గారి సైజులతో నేను అనుకున్న అమరిక: బయటికి కనబడే పొడవులు కింద నుంచి 2 అంగుళాలది 3 మీటర్లు, 1¾ది 2.2, 1½ది 1.8, 1¼ది 1.5, 1 అంగుళంది 1.5. మొత్తం 10. జాయింటుకి 20 సెం.మీ. లోపలికి దూర్చాలి. బరువు పదిన్నర కిలోలు.

గై లేకుండా నిలబెడితే మొదట్లో వంపు మొమెంట్ (గొట్టాన్ని వంచే బలం) సుమారు 3185 న్యూటన్ మీటర్లు. 2 అంగుళాల గొట్టంలో ఒత్తిడి 626 మెగాపాస్కల్స్. 6063 టీ6 సుమారు 200 దగ్గర శాశ్వతంగా వంగిపోతుంది. వెనక్కి లెక్కేస్తే గంటకు 100 కి.మీ. గాలికే పని అయిపోతుంది. ఇది మంచి గొట్టం సంగతి. కెరటం గారి 1.5 మి.మీ. గొట్టం అంతకన్నా ముందే పోతుంది, పోయింది కూడా.

ఇప్పుడు మొదలుని హింజ్ చేసి, 6.5 మీటర్ల ఎత్తున ఒకే వరస గై కడదాం. పైన మిగిలేది 3.5 మీటర్లు. గై దగ్గర 1½ అంగుళాల గొట్టంలో ఒత్తిడి 113 మెగాపాస్కల్స్. నిలబడుతుంది. ఒక్క వరస తాళ్ళు, ఇంత తేడా.

గై ఎక్కడ కడతాం అన్నదే కీలకం. 6 మీటర్ల దగ్గర కడితే అదే గొట్టంలో ఒత్తిడి 151కి వెళ్తుంది. అరమీటరు తేడాకి అంత. చేతికి అందింది కదా అని కింద కట్టేయకండి.

హుద్‌హుద్ రోజు, 2014 అక్టోబరు 12, నేను కిటికీ సందులోంచి మా మేడ మీది వర్టికల్‌నే చూస్తున్నాను. పొద్దున్న మొదటి గాలికి విల్లులా వంగి మళ్ళీ లేచేది. గై ముడి జారింది. ఆ తర్వాత రెండు నిమిషాలు కూడా పట్టలేదు. గొట్టం విరగలేదు, మొదట్లో మడత పడి పక్కింటి ట్యాంకు మీద పడుకుంది. తాడు బాగానే ఉంది, ముడి దగ్గరే పోయింది. అప్పటి నుంచీ నేను ముడులు వేయను. థింబుల్ (తాడు మెలికలో పెట్టే లోహపు గాడి) పెట్టి, క్లాంపులు మూడు బిగిస్తాను.

కొత్త_వీయూ3 · తెనాలి · జూన్ 12, మధ్యాహ్నం 12:10

నమస్తే పెద్దలూ. లైసెన్సు వచ్చి నాలుగు నెలలే. ఒక సందేహం. కెరటం గారికి చుట్టూ కొబ్బరి చెట్లు ఉన్నాయి కదా, తీగలు చెట్ల మీద నుంచి వేలాడదీస్తే గొట్టాల గొడవే ఉండదు కదా?

కోనసీమ_కెరటం · జూన్ 12, మధ్యాహ్నం 2:30

తమ్ముడూ, నేను మొదట అదే చేశాను. కొబ్బరి చెట్టు గాలికి తల రెండు మూడడుగులు ఊగుతుంది, నాలుగు చెట్లూ నాలుగు రకాలుగా. ఊగినప్పుడల్లా ఎస్ మీటర్ ఊగింది. పైగా చెట్టు నిండా నీరు, ఉప్పు. తీగని దానికి ఆనించి పెడితే పవర్ కొంత చెట్టే తాగుతుంది. ఒక్క తీగతో మొదలుపెట్టాలంటే మాత్రం చెట్టు బ్రహ్మాండం. ఫేజ్ చేయాలంటే కుదరదు.

ఇంకొకటి, మట్టలు. ఎండిన మట్ట పదిహేను మీటర్ల నుంచి గై తాడు మీద పడితే ఉత్త గాలికి తెగని తాడు కూడా తెగుతుంది. అందుకే ఇప్పుడు చెట్ల వరసకి ఎడంగా జరుపుతున్నాను.

రాళ్ళసీమ · అనంతపురం · జూన్ 12, రాత్రి 9:00

గై తాడు గురించి నా మాట కూడా వినండి. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఆకుపచ్చ, నీలం ప్లాస్టిక్ తాడు వద్దే వద్దు. మా ఎండకి ఏడాదిన్నరలో నలిపితే పొడి రాలింది. నైలాన్ బలమే, కానీ తడిస్తే సాగుతుంది, వానలో గై వదులవుతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు, ఎండకి ఓర్చుకుంటుంది. ఇనప తీగ వాడాలంటే కోడిగుడ్డు ఇన్సులేటర్లతో ముక్కలు చేయాలి, లేకపోతే ఆ తీగే ఇంకో యాంటెన్నా అయి మీ నమూనాని పాడుచేస్తుంది. నాలుగు వర్టికల్స్‌కి పదహారు గైలు, అంత ఇనుము మధ్యలో ఎందుకు? పాలియెస్టరే వేయండి.

మాకు తుఫాను లేదు, ఏప్రిల్, మే నెలల్లో సుడిగాలి ఉంది. ఇంకా కోతులు ఉన్నాయి. కోతి బరువు లెక్కలో లేదు కానీ అది గై పట్టుకుని ఊగుతుంది. నేను కింది రెండు మీటర్ల తాడుకి పీవీసీ పైపు తొడిగాను, చేతికి పట్టు దొరకదు.

డాలస్_డిపోల్ · జూన్ 13, ఉదయం 6:45

పెద్ద గాలి గురించే మాట్లాడుకుంటున్నాం. చిన్న గాలి గురించి కూడా చెప్పాలి. సెకనుకి ఐదు మీటర్ల నిలకడ గాలి 40 మి.మీ. గొట్టాన్ని దాటేటప్పుడు దాని వెనక సుడులు సెకనుకి పాతిక చొప్పున విడిపోతాయి. సాయంత్రాలు గొట్టం సన్నగా మూలుగుతుంటే అదే. ఆ వణుకు రోజుకి గంటల తరబడి, ఏళ్ళ తరబడి ఉంటే జాయింట్లని వదులు చేసేది, రంధ్రాల దగ్గర పగుళ్ళు తెచ్చేది తుఫాను కాదు, అదే. మందు చాలా తేలిక. గొట్టం లోపల పొడవునా ఒక తాడు వదలండి, పైన మాత్రమే కట్టండి. తాడు లోపల కొట్టుకుంటూ వణుకుని తినేస్తుంది. నా మూడు వర్టికల్స్‌లో తాడు వేసినవి రెండు. వేయనిది ఒక్కటే మూలుగుతుంది.

ఉక్కునగరం · జూన్ 13, రాత్రి 9:30

బంగారం లాంటి మాట. తప్పకుండా వేయండి.

జాయింట్ గురించి: బయటి గొట్టం పై అంచులో నాలుగు చీలికలు, ఒక్కోటి ఆరు సెం.మీ. ప్రతి చీలిక అడుగున ముందు 4 మి.మీ. రంధ్రం వేసి, ఆ రంధ్రం దాకా కోయండి. రంపం ఆగిన చోట పదును మూల ఉంటే పగులు అక్కడి నుంచే బయల్దేరుతుంది. రెండు గొట్టాల తాకే భాగాలూ గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, ఆలస్యం చేయకుండా ఎలక్ట్రీషియన్లు అల్యూమినియం లగ్గులకి వాడే జాయింటింగ్ కాంపౌండ్ పూయండి. పైన స్టెయిన్‌లెస్ హోస్ క్లిప్పులు రెండు, ఎదురెదురుగా. జారకుండా కింద భాగంలో రివెట్లు మూడు, 120 డిగ్రీలకి ఒకటి. అడ్డంగా ఒకే బోల్టు దూర్చడం నాకు ఇష్టం లేదు. గొట్టం బలం తగ్గుతుంది, ఊగిసలాటంతా ఆ ఒక్క రంధ్రం మీదే పడుతుంది. మీ కోడిగుడ్డు రంధ్రమే సాక్ష్యం.

బోయిన్‌పల్లి_తీగ · జూన్ 13, రాత్రి 10:10

సార్, ఇక్కడ మాత్రం మీతో కొంచెం విభేదిస్తాను. రివెట్ లోపలి ముక్క అల్యూమినియం కాకుండా ఇనుము అయితే సముద్రం గాలికి అదే ముందు తుప్పు పడుతుంది. నేను స్టెయిన్‌లెస్ ట్యాపింగ్ స్క్రూలు వాడాను, ఐదేళ్ళయింది.

ఉక్కునగరం · జూన్ 13, రాత్రి 10:25

నిజమే. ఉప్పు గాలి చోట మీ స్క్రూలే మేలు. మూడూ 120 డిగ్రీలకే వేయండి.

కోనసీమ_కెరటం · జూన్ 14, ఉదయం 5:50

ఇక పునాది. మా దగ్గర మూడడుగులు తవ్వితే నీళ్ళు. వానాకాలం అయితే అడుగున్నరకే. గైకి ఎంత లంగరు కావాలి?

ఉక్కునగరం · జూన్ 14, రాత్రి 9:15

మంచి ప్రశ్న. కోనసీమలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

గై లంగరు వర్టికల్‌కి 4.5 మీటర్ల దూరంలో అనుకుందాం. ఆ గాలికి తాడులో లాగుడు సుమారు 88 కిలోలు, అందులో పైకి లేపే భాగం 72 కిలోలు. కాంక్రీటు ఘనపు మీటరుకి 2400 కిలోలు కదా అని చిన్న దిమ్మ పోస్తారు. దిమ్మ నీళ్ళలో మునిగి ఉంటే నీరు వెయ్యి కిలోలు మోసేస్తుంది, మిగిలేది 1400. తుఫాను వచ్చే రోజు నేల నీళ్ళతో నిండే ఉంటుంది. అవసరమైన రోజునే మీ దిమ్మ తేలికవుతుంది.

అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు దిమ్మ పోయండి. పొడిగా 300 కిలోలు, మునిగితే 178. 72కి రెండింతలు పైనే. దిమ్మ అడుగుభాగం పైభాగం కన్నా వెడల్పుగా ఉంటే మీద మట్టి కూడా పట్టి ఉంచుతుంది. కొక్కెం కడ్డీ కాంక్రీటు లోపల వంచి ఉండాలి, నిటారుగా గుచ్చితే ఊడి వస్తుంది.

మొదలు కింద పెద్ద పునాది అక్కర్లేదు. అక్కడ బరువు కిందికే పడుతుంది, హింజ్ కాబట్టి వంపు లేదు. చిన్న దిమ్మ, దాని మీద మడత బేస్ చాలు. పావు తరంగం వర్టికల్‌కి మొదట్లో వోల్టేజి తక్కువ, అందువల్ల ఇన్సులేటర్ కరెంటు పరంగా పెద్ద పరీక్ష కాదు, బరువు పరంగానే. ఎండలో పీవీసీ పెళుసుబారుతుంది. 2 అంగుళాల గొట్టంలోకి దూరే గట్టి ఫైబర్‌గ్లాస్ కడ్డీ వాడండి, అర మీటరు లోపల, అర మీటరు బయట.

రాళ్ళసీమ · జూన్ 14, రాత్రి 9:50

మాకు తవ్వితే నీళ్ళు కాదు, బండ. డ్రిల్లు వేసి కడ్డీని కెమికల్ గమ్‌తో పాతేశాను. నీళ్ళ బాధ లేదు కానీ నేల బాధ ఉంది. గరుకు ఎర్రనేల, విద్యుత్తు పారదు. మీ ఒండ్రు నేల మీద, పైగా సముద్రం పక్కన ఉన్న మీరు అదృష్టవంతులు కెరటం గారూ. కింది కోణాల్లో మీకు వచ్చేది మాకు రాదు.

కోనసీమ_కెరటం · జూన్ 15, రాత్రి 8:05

రేడియల్స్ (వర్టికల్ మొదలు చుట్టూ నేల మీద పరిచే తీగలు) ఎన్ని వేయమంటారు? పాతవి ఒక్కోదానికి ఎనిమిదే.

డాలస్_డిపోల్ · జూన్ 15, రాత్రి 10:30

120 రేడియల్స్ అన్న మాట బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ 1937లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. అది ప్రసార కేంద్రాల కోసం. మన అవసరానికి రూడీ సెవర్న్స్ చేసిన కొలతలు చూడండి. నేల మీద పరిచిన రేడియల్స్ పదహారు దాటాక ఒక్కో జతకీ వచ్చే లాభం బాగా తగ్గుతుంది. మీ నేలకి ఇరవై చొప్పున, 8 మీటర్లవి చాలు. మొత్తం 640 మీటర్లు, 90 మీటర్ల ఇంటి వైరు కాయిల్స్ ఏడుకి కాస్త ఎక్కువ. మధ్యలో ఒకదాని రేడియల్స్ ఇంకోదాని మీదకి వెళ్తాయి కదా, అక్కడ దాటించకండి. కలిసే గీత మీద ఒక తీగ పరిచి, రెండు వైపులవీ దానికే అతికించండి. నాలుగిటికీ లెక్క ఒకటే ఉండాలి. ఒకదానికి ఇరవై, ఇంకోదానికి పన్నెండు అంటే మళ్ళీ కరెంట్లు మారిపోతాయి.

బోయిన్‌పల్లి_తీగ · జూన్ 16, ఉదయం 8:00

రాగి తీగని అల్యూమినియం గొట్టానికి నేరుగా బిగించకండి. ఉప్పు తేమలో అల్యూమినియం కరిగిపోతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ వాషర్ వేయండి.

ఫేజింగ్ లైన్ (ఒక్కో వర్టికల్‌కి సరైన ఫేజులో సిగ్నల్ చేర్చే కేబుల్) సంగతి ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. నాలుగు మూలలకీ పావు తరంగం 75 ఓంల కేబుల్ కావాలి. మధ్య నుంచి మూలకి దూరం 7.46 మీటర్లు. మామూలు గట్టి పాలిథీన్ కేబుల్ వెలాసిటీ ఫ్యాక్టర్ (బయట వేగంలో ఎంత వంతు వేగంతో తరంగం కేబుల్‌లో వెళ్తుందో ఆ అంకె) 0.66, దాని పావు తరంగం 6.97 మీటర్లే. అరమీటరు అందదు. అతుకు వేసి పొడిగిస్తే అది పావు తరంగం కాదు. ఫోమ్ కేబుల్ 0.82 అయితే 8.66 మీటర్లు, హాయిగా చేరుతుంది. పెట్టె మీద రాసిన అంకె నమ్మకండి. ప్రతి ముక్కనీ నానోవీఎన్‌ఏతో కొలిచి, నాలుగూ ఒకటయ్యేదాకా కత్తిరించండి.

కొత్త_వీయూ3 · జూన్ 16, సాయంత్రం 5:20

ఇదంతా చదువుతుంటే ఒకటి అనిపించింది. ఉప్పెన వస్తే ఫోన్లు ఉండవు, కరెంటు ఉండదు, అప్పుడే కదా రేడియో కావాలి. 1977 దివిసీమ ఉప్పెన గురించి మా తాతయ్య ఇప్పటికీ చెబుతారు. అందుకని ఈ ఫోర్ స్క్వేర్ తుఫానులో కూడా నిలబడి పనిచేయాలి కదా?

ఉక్కునగరం · జూన్ 16, రాత్రి 9:40

బాబూ, నీ ఆలోచన మంచిది, యాంటెన్నా వేరు. తుఫాను రోజున మాట్లాడాల్సింది అమలాపురం నుంచి కాకినాడ, ఏలూరు, హైదరాబాదుతో. యాభై నుంచి ఐదు వందల కిలోమీటర్లు. ఫోర్ స్క్వేర్ సిగ్నల్‌ని నేల బారున దూరానికి పంపుతుంది. కాకినాడ వాళ్ళ నెత్తి మీదుగా వెళ్ళిపోతుంది. ఆ రోజుకి కావాల్సింది నాలుగైదు మీటర్ల ఎత్తున కట్టిన మామూలు డిపోల్ (అడ్డంగా కట్టే తీగ యాంటెన్నా). అది సిగ్నల్‌ని నిటారుగా పైకి పంపితే అయనోస్ఫియర్ నుంచి చుట్టుపక్కల జిల్లాలంతా రాలుతుంది. తక్కువ ఎత్తు కాబట్టి గాలి కూడా తక్కువ. తెగినా పది నిమిషాల్లో మళ్ళీ కట్టొచ్చు.

కాబట్టి కెరటం గారూ, నా సలహా: 50 మీటర్ల గాలికి సరిపడేలా కట్టండి, అయినా పెద్ద తుఫాను హెచ్చరిక రాగానే నాలుగూ దించేయండి. వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెబుతోంది. హింజ్ ఉంది, పదిన్నర కిలోలే, ఇద్దరు మనుషులు చాలు. లెక్కలో గాలి ఉంది కానీ ఎగిరొచ్చే రేకు లేదు, పక్క చెట్టు కూలడం లేదు.

కోనసీమ_కెరటం · జూన్ 17, ఉదయం 6:00

మీరు చెప్పాక నాకు తేలికైంది సార్. దించడానికి వీలుగానే కడతాను. డిపోల్ కూడా ఈ ఆదివారమే వేస్తాను.

కోనసీమ_కెరటం · ఆగస్టు 24, రాత్రి 10:15

పని అయింది. ఆలస్యానికి క్షమించండి, వానల్లో గోతులు తోడటానికే సగం రోజులు పోయాయి. గోతిలో నీళ్ళు మోటారుతో తోడుతూ కాంక్రీటు పోశాం. మేస్త్రి "ఇంత సన్న కర్రకి ఇంత దిమ్మలా" అని అడిగాడు. తాడు కట్టి అతన్నే లాగమన్నాను.

గొట్టాలు మిల్ ఫినిష్, వెర్నియర్‌తో కొలిచి తెచ్చాను. రెండు లెంగ్తులు మందం ఎక్కువని తిప్పి పంపాను. నాలుగూ ఒకే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండేలా విడివిడిగా కొలిచాను, కొలిచేటప్పుడు మిగతా మూడూ ఓపెన్. 39, 39, 40, 39 ఓంలు. మా అబ్బాయి మళ్ళీ ఊపాడు. తెర మీద గీత కదలలేదు. నిజం చెబుతున్నాను, వాణ్ణి ఇంకా గట్టిగా ఊపమన్నాను.

వెనక దిక్కు మళ్ళీ నాలుగు ఎస్ యూనిట్లు. 100 వాట్లు పంపితే హైబ్రిడ్ పెట్టె (నాలుగింటికీ పవర్ పంచేది) డంప్ లోడ్‌లోకి, అంటే సమంగా పంచగా మిగిలిన పవర్ తినే రెసిస్టర్‌లోకి, 2 వాట్లు. పాత డైరీ తీస్తే మొదట్లో 3 ఉండేది, మార్చిలో 14 అని రాసి ఉంది. రాశాను, ఆలోచించలేదు. ఇప్పుడు ఆ మీటర్‌ని బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాను.

ఉక్కునగరం · ఆగస్టు 24, రాత్రి 10:50

కెరటం గారూ, చాలా సంతోషం. ఆ 2 వాట్లు నెలకోసారి రాసిపెట్టండి. వర్టికల్ ఒరగకముందే, జాయింట్ వదులవ్వకముందే మీకు ఆ అంకె చెప్పేస్తుంది. అది 5 దాటిన రోజు నిచ్చెన తీయండి.

పిడుగుల కాలం కదా, వాడనప్పుడు కేబుల్ ఇంట్లోంచి విప్పేసి బయట ఎర్త్ ప్లేట్‌కి తగిలించండి.

కోనసీమ_కెరటం · నవంబరు 30, రాత్రి 8:35

మొన్న వాయుగుండం పోయింది. మరీ పెద్ద హెచ్చరిక లేదు కాబట్టి దించలేదు. రాత్రంతా గాలి, మూడు కొబ్బరి మట్టలు చదరం మధ్యలో పడ్డాయి, తాడు మీద ఒక్కటీ పడలేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే ఈశాన్యం మూల గై ఒకటి బెత్తెడు వదులు. క్లాంపు కాదు, కొత్త తాడు సాగి సర్దుకుంది. టర్న్ బకిల్ నాలుగు చుట్లు బిగించాను. డంప్ లోడ్ 2 వాట్లే. రాత్రి 40 మీద ఇటలీ, పోలండ్ మొదటి పిలుపుకే వచ్చారు. గాలి హోరులో కూడా డిపోల్ మీద రాజమండ్రి ఓఎంతో గంటకోసారి మాట్లాడుతూనే ఉన్నాం.

కొత్త_వీయూ3 · నవంబరు 30, రాత్రి 9:10

అన్నా, మాకు పొలం గట్టున 20 మీటర్ల పొడవు స్థలం ఉంది, వెడల్పు లేదు. రెండు వర్టికల్స్‌తో మొదలుపెట్టొచ్చా?

కోనసీమ_కెరటం · నవంబరు 30, రాత్రి 9:25

పెట్టొచ్చు తమ్ముడూ. పావు తరంగం దూరం, 90 డిగ్రీల ఫేజ్. ఒంటరిదాని కన్నా 3 డీబీ గెయిన్ (ముందు దిక్కుకి రెట్టింపు బలం), వెనక కూడా బాగా తగ్గుతుంది. గట్టు ఏ దిక్కుగా ఉంది? అటూ ఇటూ మాత్రమే తిప్పగలవు కాబట్టి అది ముందు చూసుకో. గట్టు వెడల్పు తక్కువ అంటున్నావు, గై లంగర్లు పొలంలోకి వస్తాయి, దున్నేవాళ్ళకి తగలకుండా ఎక్కడ పాతాలో వాళ్ళతోనే మాట్లాడు.

నా దగ్గర రేడియల్ వైరు ఒక కాయిల్, 1¼ అంగుళాల గొట్టం ముక్క ఒకటి మిగిలాయి. ఆదివారం ఇటు వస్తే తీసుకెళ్ళు. వెర్నియర్ కూడా ఇస్తాను, పని అయ్యాక తిరిగి ఇద్దువు గాని.